పుర్రె పైనా, సిరలోనా, మెదడు లోపలా: ఏది మేలు?

మెదడును కంప్యూటర్‌తో కలిపే పరికరాలను పోల్చేటప్పుడు ఎలక్ట్రోడ్లు (మెదడు విద్యుత్ సంకేతాల్ని అందుకునే లోహపు కొనలు) ఎన్ని, నిమిషానికి అక్షరాలెన్ని అనే లెక్కే ముందు వస్తుంది. ఆ లెక్క కావలసిందే. కానీ కండరాల్ని నడిపే నరాలు క్రమంగా చచ్చుబడే ఏఎల్ఎస్ జబ్బు వల్లనో, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతినో మంచం పట్టిన మనిషి వేసుకోవలసిన లెక్క వేరు: నా ఒంట్లో ఇంకా ఏం కదులుతోంది? ఏది తిరిగి రావాలని తలకు ఆపరేషన్ చేయించుకుంటున్నాను?

ఆపరేషన్ అక్కర్లేనిది ఈఈజీ టోపీ, అంటే మెదడు విద్యుత్ అలల్ని నెత్తి మీది నుంచే పట్టుకునే టోపీ. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు అలల్ని నమోదు చేశాడు. 1988లో ఫార్వెల్, డాంచిన్ అనే పరిశోధకులు ఆ అలలతోనే టైపు చేయించారు. తెర మీద అక్షరాల వరసలు మెరుస్తుంటాయి. మనసులో అనుకున్న అక్షరం మెరిసిన సుమారు 300 మిల్లీసెకన్లకు మెదడులో ఒక అల లేస్తుంది, కంప్యూటర్ దాన్ని పట్టుకుంటుంది. ప్రమాదం ఏమీ లేదు, వద్దనుకుంటే తీసి పక్కన పెట్టొచ్చు. చిక్కంతా పుర్రె ఎముకతోనే. అది సంకేతాన్ని పలచబరిచి కలగలిపేస్తుంది. నెత్తి దాకా వచ్చేవి కొద్దిపాటి మైక్రోవోల్టులు, రెప్ప వేసినా పళ్లు బిగించినా ఆ కండరాల విద్యుత్తులో అవి మునిగిపోతాయి. ఆ తొలి ప్రయోగంలో వేగం నిమిషానికి రెండు మూడు అక్షరాలే. ఆ తర్వాత పద్ధతులు మెరుగుపడ్డాయి, నిజమే. అయినా కన్ను నిలకడగా కదిలే మనిషికి చూపుతో నడిచే కీబోర్డే దీనికంటే హాయి.

మెదడు లోపలికి వెళ్తే కథ మారిపోతుంది. యూటా అరే అనేది నాలుగు మిల్లీమీటర్ల చదరపు పలక. దాని మీద సుమారు వంద సన్నని సూదులు ఉంటాయి. చెయ్యిని కదిలించే మెదడు భాగంలో దిగితే అవి ఒక్కొక్క న్యూరాన్ (మెదడు కణం) స్పందననూ వినగలవు. 2004లో ఈ పలకలతో పనిచేసే బ్రెయిన్‌గేట్ అనే పరిశోధనలో పక్షవాతం వచ్చిన యువకుడు తలపుతో కర్సర్ జరిపాడు. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం, దాదాపు పదిహేనేళ్లుగా చేతులు ఆడని ఒకావిడ రోబో చేతితో సీసా అందుకుని తనంతట తానే కాఫీ తాగింది. 2021లో మరొకాయన కాగితం మీద రాస్తున్నట్టు ఊహించుకుంటే చాలు, నిమిషానికి 90 అక్షరాలు తెర మీదికి వచ్చాయి. ఆయన వయసువాళ్లు ఫోన్‌లో టైపు చేసే వేగం సుమారు 115. నన్ను అన్నిటికంటే కదిలించింది 2024 నాటి ఫలితం. ఏఎల్ఎస్‌తో మాట ముద్దయిపోయిన వ్యక్తి మాట్లాడ ప్రయత్నిస్తుంటే 256 ఎలక్ట్రోడ్లు ఆ ప్రయత్నాన్ని చదివి సుమారు 97 శాతం మాటల్ని సరిగ్గా పట్టుకున్నాయి. పైగా జబ్బు రాకముందు రికార్డయిన ఆయన సొంత గొంతును పోలిన గొంతుతోనే కంప్యూటర్ వాటిని పలికింది. ఇంట్లోవాళ్లతో మాట్లాడలేకపోవడం ఎంత పెద్ద కోతో తెలిసినవాళ్లకు ఈ అంకె విలువ వేరే చెప్పక్కర్లేదు.

దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. పుర్రె తెరవాలి. మెదడు మెత్తని కణజాలం, లోపల కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది. సూదుల చుట్టూ మచ్చలాంటి పొర పెరుగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ సంకేతం సన్నగిల్లవచ్చు. 2024 జనవరిలో న్యూరాలింక్ అనే సంస్థ పరికరం పెట్టించుకున్న మొదటి వ్యక్తికి కొన్ని వారాల్లోనే ఎలక్ట్రోడ్లున్న సన్నని తీగలు చాలా మెదడు నుంచి వెనక్కి జారాయి. సాఫ్ట్‌వేర్ సవరించి వేగాన్ని మళ్లీ తెచ్చుకున్నారు. అలాగని భయమే చూపించడం న్యాయం కాదు. బ్రెయిన్‌గేట్‌లో 14 మందిని మొత్తం 12,203 రోజుల పాటు గమనిస్తే పుర్రె లోపల ఇన్ఫెక్షన్ ఒక్కటీ రాలేదు, ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పని పరికరం తీసేయాల్సిన అవసరమూ పడలేదు.

మెదడులో గుచ్చకుండా దాని ఉపరితలం మీద పరిచే రకం మధ్యేమార్గం. 2023లో 253 ఎలక్ట్రోడ్ల పలకతో పక్షవాతం వచ్చిన ఒకావిడ నిమిషానికి 78 మాటల వేగం అందుకుంది, అంతకుముందు ఆమె వాడిన పరికరంతో అది 14. పుర్రె తెరవక తప్పదు, కానీ గుచ్చే బాధ లేదు.

స్టెంటు మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన పరికరం స్టెంట్రోడ్, దాని దారి వేరు. మెడలోని సిర గుండా తీసుకెళ్లి, మెదడు పైభాగాన ఉన్న పెద్ద సిరలో దాన్ని నిలబెడతారు. పుర్రె తెరిచే పని లేదు, గుండె స్టెంటులు వేయడంలో ఆరితేరిన పద్ధతులే ఇక్కడా పనికొస్తాయి. ఎలక్ట్రోడ్లు 16 మాత్రమే. కర్సర్‌ను కంటిచూపు జరుపుతుంది, క్లిక్కు తలపుతో పడుతుంది. తొలి ఇద్దరు నిమిషానికి సుమారు 14, 20 అక్షరాలు రాయగలిగారు. దానితో మెసేజులు పంపారు, బ్యాంకు పనులు చూసుకున్నారు. కొన్నాళ్లకు సిర గోడ దాన్ని తనలో కలుపుకుంటుంది గనక మళ్లీ తీయడం తేలిక కాదు. ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

నన్నడిగితే, చూపు నిలకడగా ఉన్నంత కాలం చూపు కీబోర్డు చాలు. క్లిక్కు మాత్రం మరొకరి సాయం లేకుండా కావాలనుకుంటే సిర దారి. మాట పూర్తిగా పోయి, మళ్లీ మాట్లాడాలన్న తపన ఉంటే మాత్రం ఉపరితలమో, సూదులో. అక్కడ వేగానికి అంత విలువ ఉంది గనక ఆపరేషన్ భారం మోయదగ్గదే. వేగంగా టైపు చేయాలని ఆరోగ్యవంతుడు పుర్రె తెరిపించుకోవడాన్ని నేను సమర్థించలేను.

ఎంచుకున్నది ఏదైనా, సంతకం పెట్టే ముందు ఆర్గస్ 2 సంగతి తెలిసి ఉండాలి. అది చూపు పోయినవాళ్ల కంట్లో, వెనక ఉండే రెటీనా పొర మీద పెట్టే పరికరం, 350 మందికి పైగా పెట్టించుకున్నారు. తయారీ సంస్థ ఆర్థికంగా కుప్పకూలాక మరమ్మతులకూ విడిభాగాలకూ దిక్కు లేకపోయింది, పాడైన పరికరం కంట్లోనే ఉండిపోయినవాళ్లున్నారు. అందుకే అధ్యయనం ముగిశాక పరికరాన్ని ఎవరు నడిపిస్తారు, తీయాల్సి వస్తే ఖర్చు ఎవరిది, మెదడు నుంచి వచ్చే డేటా ఎవరి దగ్గర ఉంటుంది అన్న మూడింటికీ జవాబు కాగితం మీద రాయించుకోండి.