మోటారు నిజంగా నడుస్తోందా? ఎస్‌సీటీ-013 క్లాంప్ సెన్సర్ ఆరు నెలలు వాడాక

మా ఇంట్లో బోరు మోటారు స్టార్టర్ బాక్సు కింద మెట్ల దగ్గర ఉంటుంది, ట్యాంకేమో మూడో అంతస్తు మీద. బాక్సు మీద పచ్చ లైటు వెలిగితే మోటారు నడుస్తోందనే లెక్క. మొన్న ఎండాకాలంలో బోరు కేబుల్ జాయింటు కాలిపోయింది. లైటు మాత్రం వెలుగుతూనే ఉంది, నాన్న గంటన్నర ఆగి పైకెక్కి చూస్తే చుక్క నీరు లేదు. ఆ లైటు బాక్సు దాకా కరెంటు వచ్చిందనే చెబుతుంది, మోటారు సంగతి దానికి తెలియదు. మోటారు ఆంప్స్ లాగుతోందా అన్నదే అసలు ప్రశ్న.

అందుకే వైరులో ఎంత కరెంటు పోతోందో కొలిచే ఎస్‌సీటీ-013-030 క్లాంప్ సెన్సర్ కొన్నాను, నాకు 650 రూపాయలు పడింది. బట్టల క్లిప్పులా తెరుచుకుంటుంది, మధ్యలో 13 మిల్లీమీటర్ల సందు. వైరు కోయక్కర్లేదు, ఇన్సులేషన్ పైనుంచే తగిలించి మూసేయడమే. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, ఎందుకంటే అంతకుముందు చూసిన ఏసీఎస్712 అనే కరెంటు కొలిచే బోర్డుకైతే 230 వోల్టుల వైరు కోసి స్క్రూలకు బిగించాలి, ఇంట్లో పెద్దవాళ్లు చెయ్యి పెట్టే బాక్సులో అలాంటిది పెట్టడం నాకు ఇష్టం లేదు. అయినా బాక్సు తెరిచేటప్పుడు మెయిన్ ఆపండి, అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి.

మొదటి రోజు నేను చేసిన తప్పు కూడా చెప్తాను. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి క్లాంపులో పెట్టాను, రీడింగ్ సున్నా. రెండు వైర్లలో కరెంటు ఎదురెదురుగా పోతుంది కాబట్టి ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని ఇంకోటి కొట్టేస్తుంది. ఒక్క వైరే పెట్టాలి, ఏదైనా ఫర్వాలేదు.

కొనేటప్పుడు నంబరు చూసుకోండి. 030 మోడల్‌లో కరెంటును వోల్టేజీగా మార్చే రెసిస్టర్ లోపలే ఉంటుంది, 30 ఆంప్స్‌కు 1 వోల్టు ఇస్తుంది. 000 అయితే 100 ఆంప్స్‌కు 50 మిల్లీఆంప్స్ ఇస్తుంది, రెసిస్టర్ మనమే పెట్టాలి. నేను ఆర్డర్ చేసింది 030, మొదటిసారి వచ్చింది 000, మార్పించుకోవడానికి పది రోజులు పట్టింది.

మా మోటారు దాదాపు 6 ఆంప్స్ లాగుతుంది, అంటే సెన్సర్ ఇచ్చేది 0.2 వోల్టు. అది దిశ మారుతూ ఉండే ఏసీ కాబట్టి మైనస్‌లోకి కూడా పోతుంది, అందుకని రెండు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, ఒక కెపాసిటర్‌తో దాని సున్నాను 1.65 వోల్టుల దగ్గర నిలబెట్టి ఈఎస్‌పీ32కి ఇచ్చాను, అది రీడింగ్ చూసి వైఫై మీద ఫోన్‌కు మెసేజ్ పంపే చిన్న కంట్రోలర్ బోర్డు. పిన్ 34 వాడండి, వోల్టేజీ చదివే పిన్నుల్లో ఏడీసీ2 గుంపువి వైఫై నడుస్తుంటే పనిచేయవు. 2 ఆంప్స్ దాటితే ఆన్, 1 కంటే తగ్గితే ఆఫ్ అని పెట్టాను, మధ్యలో ఖాళీ ఉంచకపోతే మెసేజ్‌లు ఆన్ ఆఫ్ ఆన్ ఆఫ్ అని వస్తూనే ఉంటాయి. స్టార్టింగ్‌లో మోటారు మామూలు కంటే చాలా రెట్లు లాగుతుంది కాబట్టి మొదటి మూడు సెకన్లు పట్టించుకోవద్దు.

ఆరు నెలల్లో ఒక్క తప్పుడు మెసేజ్ లేదు. నేను అనుకోని లాభం ఇంకొకటి దొరికింది: బోరులో నీళ్లు తగ్గినప్పుడు పంపుకు పని తగ్గుతుంది, ఆంప్స్ కూడా పడిపోతాయి. మాకు 6 నుంచి 4 దగ్గరకు రాగానే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, అమ్మ వెంటనే కట్టేస్తుంది. మోటారు డ్రైగా నడిచి కాలిపోతుందన్న టెన్షన్ పోయింది.

చిన్న వస్తువులకు మాత్రం కొనకండి. 9 వాట్ల బల్బు లాగేది 0.04 ఆంప్, అది నాయిస్‌లో, అంటే రీడింగ్‌లో ఎప్పుడూ ఉండే చిన్న ఊగిసలాటలో కలిసిపోతుంది. వైరును క్లాంపులోంచి పది చుట్లు తిప్పితే రీడింగ్ పది రెట్లవుతుంది గానీ ఆ సందులో మామూలు వైరు అన్ని చుట్లు పట్టదు.

గీజరుకు కూడా ఒకటి పెట్టి చూశాను. నీళ్లు వేడెక్కగానే థర్మోస్టాట్ కట్ చేస్తుంది, సెన్సర్ ఆఫ్ అంటుంది, గోడ మీద స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. స్విచ్ మర్చిపోయామా లేదా తెలుసుకోవాలంటే ఇది సరిపోదు, ఆ క్లాంపు తీసి పక్కింటి మోటారుకు ఇచ్చేశాను.