ఈజీఆర్ కోడ్ పడింది అనగానే వాల్వ్ కొనేయకండి

హెవీ డీజిల్ బండికి ఈజీఆర్ వాల్వ్ గానీ కూలర్ గానీ కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. ఈజీఆర్ అంటే ఎగ్జాస్ట్ గ్యాస్‌లో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు. వాల్వ్ ఆ దారి తెరుస్తుంది, కూలర్ ఆ గ్యాస్‌ని కూలెంట్‌తో చల్లబరుస్తుంది. మా బండికి ఆ రెండూ అంటగట్టారు. అసలు లోపం అరచేతిలో పట్టేంత సెన్సర్ దగ్గర ఉంది.

లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగడం తగ్గింది, నల్ల పొగ మొదలైంది, ఇంజిన్ లైట్ వెలిగింది. వర్క్‌షాప్‌లో స్కానర్ పెడితే ఈజీఆర్ ఫ్లో తక్కువ అని కోడ్ చూపించింది. ‘వాల్వ్ పోయింది’ అని తేల్చేశారు. లైవ్ డేటా, అంటే సెన్సర్లు అప్పటికప్పుడు చూపే రీడింగ్‌లు, తెరిచి చూడలేదు. కొత్త వాల్వ్ బిగించి, కోడ్ చెరిపేసి, లైట్ ఆరిపోయింది కదా అని పంపించారు. చెరిపితే లైట్ ఆరడంలో గొప్పేమీ లేదు. ఇలాంటి ఫ్లో లోపాన్ని ఇంజిన్ కంప్యూటర్ బండి నడుస్తుండగా మళ్లీ పరీక్షించుకున్నాకే లైట్ వెలిగిస్తుంది. అలాగే వెలిగింది. ఈసారి కూలర్ మూసుకుపోయిందన్నారు, అదీ మార్చారు. లైట్ మళ్లీ వచ్చింది.

ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళితే ఆయన ముందు అడిగింది పొగ గురించి. ఫ్లో నిజంగానే తక్కువైతే సిలిండర్‌లోకి గాలి ఎక్కువ వెళ్తుంది, నల్ల పొగ రావడానికి అది కారణం కాదు. పొగ వస్తోందంటే గ్యాస్ ఎక్కువే వెళ్తూ ఉండొచ్చు, లేదా టర్బో నెట్టే బూస్ట్ గాలి ఎక్కడో కారుతూ ఉండొచ్చు. ఆయన టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా హోస్‌లు, క్లాంపులు చూశాడు, బాగానే ఉన్నాయి. తర్వాత డెల్టా పి సెన్సర్ రీడింగ్ తెరిచాడు. ఈజీఆర్ దారిలో రెండు చోట్ల ఒత్తిడి తేడా కొలిచి, ఎంత గ్యాస్ వెళ్తోందో కంప్యూటర్‌కి తెలిపేది అదే. ఇంజిన్ ఆపి కీ మాత్రం ఆన్‌లో పెడితే అది సున్నాకి దగ్గరగా ఉండాలి, ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేసి స్కానర్‌తో వాల్వ్ తెరిపించాడు. వాల్వ్ తెరుచుకుంటున్నట్టు పొజిషన్ చూపిస్తోంది, డెల్టా పి మాత్రం కదలడం లేదు.

సెన్సర్ విప్పాడు. కింద ఒత్తిడి తీసుకునే రెండు సన్నటి దారుల్లో గ్యాస్ వచ్చే వైపుది తారులాంటి మసితో పూర్తిగా మూసుకుపోయి ఉంది. గ్యాస్ వెళ్తున్నా సెన్సర్‌కి కనిపించదు. తక్కువుందనుకుని కంప్యూటర్ వాల్వ్‌ని ఇంకా తెరుస్తుంది. నిజంగా వెళ్లే గ్యాస్ పెరిగి, గాలి తగ్గి, పొగ, మసి ఇంకా ఎక్కువవుతాయి. ఆ దారులు శుభ్రం చేసి సెన్సర్ మార్చగానే వాల్వ్‌తో పాటే రీడింగ్ కదిలింది, పొగ ఆగిపోయింది.

కోడ్ చెప్పేది కంప్యూటర్‌కి ఏం కనిపించిందో, అంతే. ఏ భాగం పోయిందో చెప్పదు. జె1939 (హెవీ బండ్ల కంప్యూటర్లు వాడే ప్రమాణం) కోడ్ వచ్చే బండ్లలో నంబర్ పూర్తిగా రాయించుకోండి. అందులో ఎస్‌పీఎన్ లోపం దేనికి సంబంధించిందో చెబుతుంది. ఎస్‌పీఎన్ 2659 ఈజీఆర్ ఫ్లోది, 2791 వాల్వ్‌ది, 411 డెల్టా పి సెన్సర్‌ది, 412 ఈజీఆర్ ఉష్ణోగ్రతది. పక్కనుండే ఎఫ్‌ఎంఐ, అంటే లోపం ఏ రకమో చెప్పే నంబర్, ఇంకా ముఖ్యం. 3, 4, 5 అయితే ముందు వైరింగ్, కనెక్టర్ చూడాలి. 7 అంటే భాగం చెప్పినట్టు కదలడం లేదని. 18 అంటే రీడింగ్ ఉండాల్సినదానికన్నా తక్కువని. 2659తో 18 వస్తే ఒక్క వాల్వ్‌నే అనుమానించడానికి ఆధారమే లేదు. వీజీటీ టర్బోలో (కదిలే రెక్కలుండే టర్బో) ఆ రెక్కలు పట్టేసి వెనక ఒత్తిడి తయారు కాకపోయినా, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దగ్గర లీక్ ఉన్నా, కూలర్ మూసుకున్నా అదే కోడ్ పడుతుంది.

వాల్వ్ మార్చాలంటే, ఎదురుగా స్కానర్‌తో తెరిపించి మూయించమనండి. ఇచ్చిన ఆదేశానికీ, చూపించే పొజిషన్‌కీ తేడా ఉంటే అప్పుడు కొనండి. మార్చాక చాలా ఇంజిన్లలో రీలెర్న్ చేయాలి, అంటే కొత్త వాల్వ్‌ని కంప్యూటర్‌కి గుర్తు చేయించాలి, అది చేశారా అని అడగండి. మసి ఎందుకు పట్టిందో కూడా కనుక్కోవాలి. గంటల తరబడి ఐడిల్‌లో ఉంచడం, కారే ఇంజెక్టర్, టర్బో సీల్ నుంచి వచ్చే ఆయిల్, వీటిలో ఏదో ఒకటి ఉంటే కొత్త భాగం కూడా అలాగే మూసుకుపోతుంది.

కూలర్ సంగతి వేరు. బయట ఎక్కడా తడి కనపడకుండా కూలెంట్ తగ్గుతూ, తెల్ల పొగ వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకండి. కూలర్ లోపల పగిలి ఆ కూలెంట్ సిలిండర్‌లో చేరితే స్టార్ట్ చేసినప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అయినా కూలెంట్ ట్యాంక్‌లో బుడగలు చూసి కూలర్ అని ఒప్పుకోకండి. హెడ్ గ్యాస్కెట్, ఇంజెక్టర్ కప్పు, ఎయిర్ కంప్రెసర్ హెడ్ కూడా బుడగలు తెప్పిస్తాయి. కూలర్‌ని విప్పించి, గాలి ఎక్కించి, వేడినీళ్లలో ముంచి చూపించమనండి. కొన్ని పగుళ్లు వేడిలోనే విచ్చుకుంటాయి, చల్లటి పరీక్షలో దొరకవు.

వర్క్‌షాప్‌ని వాల్వ్ వెనక్కి తీసుకోమంటే, ఒకసారి బిగించిన ఎలక్ట్రిక్ భాగం తీసుకోం అన్నారు. పాతవి ఇవ్వమంటే స్క్రాప్‌కి పోయాయన్నారు. అవి ఉంటే కనీసం బాగున్నాయని నిరూపించేవాణ్ణి. కాబట్టి పని మొదలుపెట్టకముందే పాత భాగాలు మీకే ఇవ్వాలని బిల్లు మీద రాయించుకోండి, మార్చకముందు స్కానర్‌లో కనిపించిన రీడింగ్‌లను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.