పికప్ ముందు చక్రాల అలైన్‌మెంట్: లక్షా ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత

2019లో కొన్న నా డీజిల్ పికప్ ఇప్పటికి 1,34,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు చక్రాలకు టార్షన్ బార్‌తో (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీతో) విడివిడి సస్పెన్షన్, వెనుక కమాన్ కట్టలు ఉన్న బండి ఇది. నార్పల, గార్లదిన్నె వైపు తోటల నుంచి అనంతపురం మార్కెట్ యార్డుకు చీనీకాయలు (బత్తాయిలు), అప్పుడప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా బెంగళూరుకు లోడు, తిరుగు ప్రయాణంలో ఎక్కువసార్లు ఖాళీ బండి. ఇంజను గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. డబ్బు పోయిందంతా ముందు టైర్ల దగ్గరే, అందులోనూ సగం నా తెలియనితనం వల్లే పోయింది.

మొదటి జత టైర్లు 22,000 కిలోమీటర్లకే అయిపోయాయి. ఆ సంగతి నేను కనిపెట్టలేదు. యార్డులో వేలం అయ్యాక బండి తిప్పడానికి స్టీరింగు కుడికి పూర్తిగా తిప్పినప్పుడు, పక్కన బస్తా మీద కూర్చున్న హమాలీ ఒకతను "అన్నా, టైరు లోపల దారం బయటికొచ్చింది చూడు" అన్నాడు. దిగి చూస్తే ఎడమ టైరు బయటి గాడిలో ఇంకా 6 మి.మీ. లోతు ఉంది, లోపలి అంచు మాత్రం గుండై, రబ్బరు కింది నుంచి తీగలు మెరుస్తున్నాయి. బండి పక్కన నిలబడి చూసేవాడికి లోపలి అంచు ఎప్పటికీ కనబడదు కాబట్టి, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడడం ఆ రోజు నుంచి వారానికోసారి తప్పనిసరి చేసుకున్నాను.

కొత్త జత వేయించి, పట్టణంలో ఒక కంప్యూటర్ అలైన్‌మెంట్ సెంటరుకు, అంటే చక్రాల కోణాలు కొలిచి సరిచేసే చోటికి, తీసుకెళ్లాను. చక్రాలకు పలకలు బిగించారు, కెమెరాలు కొలిచాయి, టై రాడ్లు (స్టీరింగును చక్రాలకు కలిపే కడ్డీలు) తిప్పారు, తెర మీద టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయనే కొలత) అంకెలు ఎరుపు నుంచి పచ్చకు మారాయి, చీటీ చేతికిచ్చారు. బండి కిందికి ఒక్కరు కూడా వంగి చూడలేదు. 9,000 కిలోమీటర్లు తిరిగేసరికి అదే ఎడమ టైరు, అదే లోపలి అంచు మళ్లీ కోసుకుపోవడం మొదలైంది.

ఆ తర్వాత తాడిపత్రి రోడ్డులో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగింది "లోడు బండా, ఖాళీ బండా?" అని. తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపాడు. టక్కుమని చిన్న చప్పుడు వచ్చింది, అది టై రాడ్ ఎండ్‌లో ఆట, అంటే వదులు. పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, బేరింగ్ బాగానే ఉన్నాయని తేలింది. చక్రాన్ని కింది వైపు బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్ దగ్గర రాడ్డు పెట్టి లేపితే మాత్రం రబ్బరు చీలి ఆర్మ్ కదులుతోంది. కీళ్లలో ఇంత ఆట ఉన్నప్పుడు, నిలబెట్టిన బండి మీద తీసిన కొలత రోడ్డెక్కి బ్రేకు వేయగానే మారిపోతుందని నాకు అప్పుడు అర్థమైంది.

అసలు జబ్బు వేరే చోట దొరికింది. చదును నేల మీద నిలిపి, హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిస్తే ఎడమ వైపు కుడి కంటే 15 మి.మీ. కిందికి దిగి ఉంది. టార్షన్ బార్ సడలి ఒక పక్క దిగిపోయిన బండిలో ఆ చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, అంటే క్యాంబర్ నెగెటివ్ అవుతుంది, భారమంతా లోపలి అంచు మీద పడి అది నున్నగా అరుగుతుంది. ఎత్తు సరిచేయకుండా టో మాత్రం తిప్పిన సెంటరు వాళ్లు ఈ వాలును ముట్టుకోనేలేదు. ఈయన బుష్‌లు, టై రాడ్ ఎండ్‌లు మార్చి, టార్షన్ బార్ బోల్టుతో ఎత్తు సరిచేసి, సస్పెన్షన్ సర్దుకోవడానికి రెండు కిలోమీటర్లు తిప్పి తెచ్చి, షిమ్‌లతో (సందులో పెట్టే పలుచని రేకు ముక్కలతో) క్యాంబర్ పట్టుకుని, చివరికి టో కట్టాడు. క్యాంబర్ మారితే టో కూడా మారుతుంది గనుక టో ఎప్పుడూ ఆఖరునే చూడాలి. బండి మామూలుగా నడిచే స్థితిలోనే కొలవాలని, కొలతలు తీసేటప్పుడు నేను మామూలుగా వేసే లోడులో సగానికి సమానంగా ఇసుక బస్తాలు వెనుక వేయించాడు, అది అప్పట్లో నాకు అతిగా తోచింది.

టో తప్పు ఎంత తింటుందో నేను ఇంట్లో లెక్క వేసి చూసుకున్నాను. రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ వెనుక అంచుల మధ్య దూరానికీ 6 మి.మీ. తేడా ఎక్కువైతే ఒక్కో చక్రం వాటా 3 మి.మీ.; టైరు ఎత్తు సుమారు 700 మి.మీ. కాబట్టి ప్రతి కిలోమీటరుకూ ఆ టైరు నాలుగు మీటర్లకు పైగా పక్కకు రాసుకుంటూ పోతుంది. ఇక్కడి నుంచి బెంగళూరు సుమారు 210 కి.మీ.; అంటే ఒక్క ట్రిప్పులో దాదాపు 900 మీటర్లు తారు మీద గీసుకుపోయినట్టే. ఈ రాపిడిని కంటి కంటే అరచెయ్యి ముందు పట్టేస్తుంది. టైరు మీద అడ్డంగా చెయ్యి రాస్తే ఒక దిక్కున నునుపుగా, ఎదురు దిక్కున రంపం పళ్లలా తగులుతుంది. క్యాంబర్ అరుగుదలలో ఈ పళ్లు ఉండవు, ఒక అంచు ఏటవాలుగా నున్నబడుతుంది. రెండు అంచులూ సమానంగా అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువైందని, మధ్య అరిగితే ఎక్కువైందని అర్థం, వాటికి అలైన్‌మెంట్ డబ్బులు పోయడం దండగ. గుంటలు గుంటలుగా అరిగితే షాకబ్జార్లు, బ్యాలెన్సింగ్ చూడాలి.

గాలి విషయంలో మా ఊరి ఎండ కూడా మోసం చేస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం వేడెక్కిన టైరులో గేజి ఎక్కువ చూపుతోందని ఒకసారి గాలి వదిలాను, మరుసటి తెల్లవారుజామున చూస్తే ఉండవలసిన దానికంటే తక్కువ ఉంది. ఇప్పుడు బండి కదలక ముందే, చల్లగా ఉన్నప్పుడే చూస్తున్నాను.

బండి ఎడమకు లాగడాన్ని కూడా చాలామంది వెంటనే అలైన్‌మెంట్ మీద వేస్తారు. మన రోడ్లు నీరు పోవడానికి పక్కకు వాలి ఉంటాయి కాబట్టి కొద్దిపాటి లాగుడు సహజం. లాగుడు ఎక్కువైతే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి చూడాలి, లాగే దిక్కు కూడా మారితే తప్పు టైరుది.

ఆ మరమ్మతు తర్వాత వేసిన ముందు జత, 10,000 కిలోమీటర్లకోసారి వెనుకకు మారుస్తూ వచ్చినందువల్ల కొంత, 48,000 కిలోమీటర్లు ఇచ్చింది. 1.6 మి.మీ. దగ్గర ఉండే అరుగుదల గుర్తు మూడు గాడుల్లోనూ దాదాపు ఒకేసారి బయటపడటం నా బండిలో అదే మొదటిసారి. ఇప్పుడున్న జత 17,000 తిరిగింది. నిన్న గేజి పెట్టి చూస్తే కుడి టైరు మూడు గాడులూ సమానంగా ఉన్నాయి, ఎడమ టైరు లోపలి గాడి బయటి దానికంటే అర మిల్లీమీటరు తక్కువ ఉంది. ఎత్తు మళ్లీ కొలిస్తే ఎడమ వైపు 4 మి.మీ. దిగింది. చీనీ సీజను లోడులు అయ్యేదాకా ఆగకుండా ఈ ఆదివారమే ఆ ముసలాయన దగ్గరికి తీసుకెళ్తున్నాను, ఇసుక బస్తాలు ఈసారి నేనే వేసుకుని.