ఆఫ్రికా జనాభా, ఆరోగ్య డేటా సైట్లు: మన రీసెర్చ్ స్కాలర్లకు ఏది అక్కరకొస్తుంది

మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్) ఫైళ్లతో ఒకసారైనా కుస్తీ పట్టినవాళ్లకు ఆఫ్రికా దేశాల ఆరోగ్య డేటా పెద్ద కొత్తేమీ కాదు. కెన్యా, నైజీరియా, ఇథియోపియాలలో జరిగిన జనాభా, ఆరోగ్య సర్వేలూ (డీహెచ్‌ఎస్), మన ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్సూ ఒకే అచ్చులో పోసినవి. వేరియబుల్ పేర్లు కూడా చాలావరకు అవే. అయినా అనంతపురం ఎస్కేయూలోనో, కడప యోగి వేమన యూనివర్సిటీలోనో, కర్నూలు మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలోనో 'ఆఫ్రికాతో పోల్చి చూద్దాం' అనగానే ఎవరో రాసిన పేపర్లోని పట్టిక ఎత్తి పెట్టుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ. అసలు డేటా ఉచితంగానే దొరుకుతుంది. ఏ సైటు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో తెలియకపోవడంతోనే చిక్కంతా. సీమ పిల్లల ఎదుగుదలను సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహేల్ మెట్ట ప్రాంతాలతో పోల్చాలనుకునే థీసిస్‌కు ఏ సైటు ఎంతవరకు పనికొస్తుందో ఇక్కడ చూద్దాం.

ముందు డీహెచ్‌ఎస్. 1984లో మొదలై 90కి పైగా దేశాల్లో సర్వేలు చేసింది. నాణ్యతలో దీన్ని మించింది లేదు. అయితే నడిపించిన డబ్బు అమెరికా ప్రభుత్వానిది. 2025 ఫిబ్రవరిలో ఆ నిధులు ఆగడంతో కార్యక్రమమే నిలిచిపోయింది, కొత్తవాళ్లకు అనుమతులివ్వడమూ అప్పట్లో ఆగింది. అందుకే టాపిక్ ఖరారు చేసి గైడ్ సంతకం పెట్టించుకునే ముందే రిజిస్ట్రేషన్ పేజీ పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. సీనియర్ దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లున్నాయి కదా అంటారేమో, అది కుదరదు. ప్రాజెక్టు పేరు చెప్పి ఎవరు అనుమతి తీసుకుంటే వాళ్లే వాడాలన్నది షరతు. వైవాలో డేటా ఎలా వచ్చిందని అడిగితే పెన్‌డ్రైవ్ అని చెప్పలేం.

అనుమతి లేకుండానే చూడగలిగేది స్టాట్‌కంపైలర్, డీహెచ్‌ఎస్ వాళ్లదే ఆన్‌లైన్ పట్టికల సైటు. దేశం, సంవత్సరం, సూచిక ఎంచుకుంటే పట్టిక వచ్చేస్తుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు చాలాసార్లు ఇదే చాలు. ముడి ఫైలు (ఒక్కొక్కరి జవాబులు విడివిడిగా ఉండే ఫైలు) జోలికి పోకుండా పని ముగిసేచోట పోకపోవడమే మంచిది.

ముడి ఫైలు తప్పదంటే మొదటి పని ఒక్కటే: సర్వే రిపోర్టులో అచ్చయిన ఒక సంఖ్యను మన కంప్యూటర్లో మళ్లీ రాబట్టాలి. అది దశాంశం దాకా కలిస్తేనే ముందుకెళ్లాలి. ఎక్కువమంది పడిపోయేది పిల్లల గిడసబారుతనం (వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం, స్టంటింగ్) లెక్కలో. పిల్లల ఫైలు పేరు కేఆర్ కాబట్టి దాన్నే తెరుస్తారు, హెచ్‌డబ్ల్యూ70 వేరియబుల్ వాడతారు, రిపోర్టుతో కలవదు. రిపోర్టు లెక్క కుటుంబ సభ్యుల ఫైలు పీఆర్ నుంచి, హెచ్‌సీ70తో వస్తుంది. తల్లి చనిపోయిన పిల్లలు, తల్లి ఇంటర్వ్యూకు దొరకని పిల్లలు కేఆర్‌లో ఉండరు, పీఆర్‌లో ఉంటారు. ముందు రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్లనే తీసుకోవాలి, అంటే హెచ్‌వీ103 విలువ 1 కావాలి. వెయిట్ (లెక్కలో ఒక్కో జవాబుకు ఇచ్చే బరువు) కూడా హెచ్‌వీ005.

ఆ సంఖ్యల్లో దశాంశ బిందువు కనపడదు. మైనస్ 2 ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) అంటే ఫైల్లో మైనస్ 200. 9996 నుంచి 9999 దాకా ఉన్నవి కొలతలు కావు, నమ్మదగని, లేదా దొరకని కేసులకు పెట్టిన కోడ్‌లు. వాటిని తీసేయకుండా సగటు కడితే పిల్లలంతా తాటిచెట్లంత పొడుగు తేలతారు. వెయిట్‌ను 10 లక్షలతో భాగించాలి. క్లస్టర్‌కు (సర్వేకు ఎంచుకున్న ఊరు లేదా పేట) హెచ్‌వీ021, స్ట్రాటాకు (ఎంపికకు ముందు విడగొట్టిన ప్రాంతాలు) సాధారణంగా హెచ్‌వీ023 ఇవ్వకపోతే శాతం సరిగానే వస్తుంది గానీ స్టాండర్డ్ ఎర్రర్ తప్పుతుంది. దాంతో లేని తేడా కూడా 'సిగ్నిఫికెంట్' అని వచ్చి కూర్చుంటుంది. ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పనికి కాంప్లెక్స్ శాంపిల్స్ అనే భాగం విడిగా కొనాలి. క్రాక్ చేసిన కాపీ వెతికే బదులు 'ఆర్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సర్వే ప్యాకేజీ వాడితే పైసా ఖర్చు లేదు.

రెండుమూడు దేశాలను ఒకే ఫైల్లో కలిపితే ఇంకో చిక్కు. వెయిట్‌లను ఏ సర్వేకు ఆ సర్వే తన శాంపిల్ సైజుకు సరిపెట్టుకుంటుంది. జనాభా 20 కోట్లు దాటిన నైజీరియాను, 20 లక్షల పైచిలుకు ఉన్న లెసోతోను అలాగే కలిపేస్తే ఒక్కో దేశం బరువు జనాభాను బట్టి కాక, ఎంతమందిని ఇంటర్వ్యూ చేశారన్న దాన్ని బట్టి పడుతుంది. ఏ దేశం ఫలితం ఆ దేశానికి విడిగా చూపించడం మేలు. కలిపే తీరాలంటే జనాభా లెక్కతో వెయిట్‌ను మళ్లీ సవరించాలి.

ఇథియోపియా ఎంచుకున్నవాళ్లు తేదీల దగ్గర ఆగాలి. అక్కడి ఫైళ్లు ఇథియోపియా క్యాలెండర్‌లోనే ఉంటాయి, మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక. తేదీని నెలల సంఖ్యగా రాసే డీహెచ్‌ఎస్ నెల కోడ్‌కు సూత్రం: సంవత్సరంలోంచి 1900 తీసేసి, 12తో గుణించి, నెల కలపడం. 2016 జనవరి అయితే 1393. ఇథియోపియా ఫైల్లో అదే కాలం 1301గా కనపడుతుంది. 92 కలిపితే సరిపోతుంది. వయసు లెక్కకు ఇబ్బంది లేదు, రెండు తేదీలూ ఒకే క్యాలెండర్‌లో ఉంటాయి కాబట్టి. వాన, కరువు డేటాతో జత చేసేటప్పుడు మాత్రం ఇది మరిచిపోతే మొత్తం తలకిందులే. ఊళ్ల జీపీఎస్ బిందువులు కూడా అసలు చోట ఉండవు. గోప్యత కోసం పట్టణాల్లో 2 కిలోమీటర్ల దాకా, పల్లెల్లో 5 దాకా, పల్లెల్లోనే నూటికి ఒకదాన్ని 10 దాకా జరుపుతారు. ఆస్పత్రి ఎంత దూరమో దీంతో కొలిచి తీర్మానాలు చేయకూడదు.

ఈ తలనొప్పుల్లో సగం తగ్గించేది ఐపమ్స్ డీహెచ్‌ఎస్, అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లది. దేశదేశానికీ, ఏడాదికేడాదికీ మారే కోడ్‌లను ఒకే వరుసకు తెచ్చి పెట్టారు. కావలసిన వేరియబుల్స్ టిక్ చేస్తే అవే ఉన్న చిన్న ఫైలు వస్తుంది, హాస్టల్ వైఫైకి ఇదే దిక్కు. ఇండియా సర్వేలు కూడా అందులోనే ఉన్నాయి కాబట్టి మనకూ అక్కడికీ పోలిక ఒకే ఫైల్లో జరిగిపోతుంది. వెయిట్ ముందే భాగించి ఉంటుంది. అలవాటుకొద్దీ మళ్లీ 10 లక్షలతో భాగించొద్దు. లోపం ఒకటే: అనుమతి మాత్రం డీహెచ్‌ఎస్ నుంచే రావాలి. అక్కడ ఆగితే ఇక్కడా ఆగినట్టే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, అనుమతి దొరికితే, మా ఓటు దీనికే.

దొరక్కపోతే యూనిసెఫ్ వారి ఇంటింటి సర్వే, మిక్స్. 1995 నుంచి నడుస్తోంది, రిజిస్ట్రేషన్ విడిగా ఉంటుంది. ఫైళ్లు ఎస్‌పీఎస్‌ఎస్ రూపంలో వస్తాయి. ఆడవాళ్లకు డబ్ల్యూఎం, పిల్లలకు సీహెచ్, ఇంటికి హెచ్‌హెచ్. జత కట్టడానికి హెచ్‌హెచ్1 క్లస్టర్ నంబరు, హెచ్‌హెచ్2 ఇంటి నంబరు, ఎల్‌ఎన్ వరుస నంబరు. మూడూ పెట్టకపోతే ఒకరి వివరాలు ఇంకొకరికి జతపడతాయి. సహేల్ మీద పనిచేసేవాళ్లకు ఇందులో మంచి సరుకుంది. అక్కడి రిపోర్టులు చాలావరకు ఫ్రెంచ్‌లో ఉంటాయి. డీహెచ్‌ఎస్‌ను ఫ్రెంచ్‌లో ఈడీఎస్ అంటారని తెలియక ఇంగ్లిష్ పేరుతో వెతికి 'లేదు' అనుకునేవాళ్లున్నారు.

నైరోబీలోని ఆఫ్రికా జనాభా, ఆరోగ్య పరిశోధన కేంద్రం (ఏపీహెచ్‌ఆర్‌సీ) పోర్టల్ పద్ధతి వేరు. 1995లో పాపులేషన్ కౌన్సిల్ కింద ఫెలోషిప్ కార్యక్రమంగా మొదలై 2001లో స్వతంత్ర సంస్థ అయింది. కొరొగొచో, వివందని అనే రెండు మురికివాడల్లో ఇంటింటికీ పుట్టుకలు, చావులు, రాకపోకలు ఏళ్ల తరబడి నమోదు చేసిన డేటా దీని ప్రత్యేకత. సర్వే ఒకరోజు పరిస్థితి చెబుతుంది, ఇది మనిషిని వెంబడిస్తుంది. ప్రశ్నపత్రాలు, వివరణలు ఎవరైనా చూడొచ్చు. డేటాకు మాత్రం ఏ పనికో రాసి అడగాలి. 'పరిశోధన నిమిత్తం' అని ఒక్క ముక్క రాస్తే కుదరదు. ఏ ప్రశ్న, ఏ వేరియబుల్స్, ఏ పద్ధతి అని ఒక పేజీ సిద్ధం చేసుకోండి. మురికివాడల్లో జనం వస్తూపోతూ ఉంటారు, అందువల్ల తలలు లెక్కపెడితే చాలదు, ఎవరు ఎన్నాళ్లు అక్కడ ఉన్నారో ఆ కాలాన్ని లెక్కగట్టాలి. ఇలా కాలాన్ని లెక్కగట్టే సర్వైవల్ అనాలిసిస్ రానివాళ్లు, నాలుగు నెలల్లో ప్రాజెక్టు ఇవ్వాల్సినవాళ్లు దీని జోలికి పోవద్దు. పీహెచ్‌డీకి మాత్రం బంగారం. ఇలాంటిదే దక్షిణాఫ్రికాలో 1992 నుంచి నడుస్తున్న అగిన్‌కోర్ట్. ఆ దేశపు సర్వేలు చాలా కేప్‌టౌన్ యూనివర్సిటీ డేటాఫస్ట్‌లో దొరుకుతాయి. వ్యవసాయమూ ఆరోగ్యమూ కలిపి చూడాలంటే ప్రపంచ బ్యాంకు మైక్రోడేటా లైబ్రరీలో జీవన ప్రమాణాల సర్వేలు (ఎల్‌ఎస్‌ఎంఎస్) చూడండి.

మొత్తం జనాభా సంఖ్య కావాలంటే ఐక్యరాజ్యసమితి ప్రపంచ జనాభా అంచనాలు, 2024 కూర్పు. పేరులోనే ఉంది, అవి అంచనాలు. కాంగోలో (కిన్షాసా) చివరి జనాభా లెక్కలు 1984 నాటివి, నైజీరియాలో 2006 నాటివి. మనం 2011 లెక్కలతో నెట్టుకొస్తున్నాం కాబట్టి వాళ్లను చూసి నవ్వే హక్కు లేదు. పట్టిక కింద ఏ ఏడాది కూర్పో రాయాలి, కూర్పు మారితే పాత ఏళ్ల సంఖ్యలూ మారతాయి. ప్రసూతి మరణాల దగ్గర మరీ జాగ్రత్త. డీహెచ్‌ఎస్ సంఖ్య తోబుట్టువుల గురించి అడిగి, సర్వేకు ముందు ఏడేళ్లకు కట్టినది. ఐరాస సంఖ్య ఒక్కో ఏడాదికి మోడల్‌తో కట్టినది. రెండూ ఒకే గ్రాఫ్‌లో పెట్టకూడదు.

ఇక పేపర్లు. 1998లో మొదలై, ఇప్పుడు దక్షిణాఫ్రికా నుంచి నడుస్తున్న పత్రికల సైటు ఏజోల్‌లో ఆఫ్రికాలోనే అచ్చయ్యే పత్రికలు వందల్లో ఉన్నాయి. పబ్‌మెడ్‌లో కనపడని స్థానిక ఆస్పత్రుల పరిశోధనలు అక్కడ దొరుకుతాయి. దాని సొంత వెతుకులాట మాత్రం అంతంతమాత్రమే. గూగుల్ స్కాలర్‌లో పత్రిక పేరు కలిపి వెతకడమే నయం. పత్రికలకు ఏజోల్ ఇచ్చే నక్షత్రాలు చూసి మూడు ఉన్నవాటితో మొదలుపెట్టండి. కొన్ని వ్యాసాలకు డబ్బులడుగుతుంది. పేద దేశాలకు వైద్య పత్రికలు అందించే హినారి ద్వారా ఉచితమని ఆఫ్రికా పేపర్లలో చదివి ప్రయత్నించొద్దు, ఇండియాకు ఆ అర్హత లేదు. మనకున్నది 2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, సుమారు 13,000 పత్రికలతో. మొదటి విడతలో ప్రభుత్వ సంస్థలకే, కాబట్టి ప్రైవేటు కాలేజీ వాళ్లు స్నేహితుల్ని ఆశ్రయించాల్సిందే. క్యాంపస్‌లో నేరుగా తెరుచుకుంటుంది. ఇంటి నుంచి చూడాలంటే లాగిన్ సంగతి లైబ్రేరియన్‌ను అడగండి.

ఏ సైటు నుంచి తీసుకున్నా అనుమతి మెయిల్‌ను పీడీఎఫ్ చేసి, డౌన్‌లోడ్ చేసిన తేదీ, ఫైలు పూర్తి పేరు ఒక నోట్‌లో రాసి పెట్టుకోండి. పేర్లు తెలియని సెకండరీ డేటాకు ఎథిక్స్ కమిటీ మినహాయింపు ఇస్తుంది గానీ, కాగితం చూపమంటుంది.