ఎస్టీమ్ ఇంజనుకు పారదర్శక టైమింగ్ కవర్: పద్నాలుగు నెలల వాడకం

మా 2004 మోడల్ మారుతి ఎస్టీమ్ ఇంజనును పూర్తిగా విప్పించి, బాగు చేయించి, రంగులు వేయించిన తర్వాత, టైమింగ్ బెల్టును (కింది క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు పైనున్న క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే పళ్ల బెల్టు) కప్పి ఉంచే నల్లటి ప్లాస్టిక్ కవరుకు బదులు అద్దంలా లోపలిది కనిపించే కవరు బిగించుకోవాలన్న కోరిక నాకు పుట్టింది. బానెట్ ఎత్తగానే ఎర్రరంగు పుల్లీ, దాని మీద తిరిగే బెల్టు కనిపించాలన్నదే అందులోని మోజు. నెల్లూరులో ఇటువంటి పని చేయించుకున్నవారు నాకు ఎక్కడా తారసపడలేదు. అందుకే పద్నాలుగు నెలలుగా వాడుతున్న కవరు గురించి, అంతకుముందు చేతులు కాల్చుకున్న మరో కవరు గురించి రాస్తున్నాను.

మొదటిది యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్‌ది. షాపులకు నేమ్ బోర్డులు చేసే ఒక దుకాణంలో పాత కవరును కొలతకిచ్చి, 5 మిల్లీమీటర్ల షీటుతో కోయించాను. లేజర్‌తో కోసిన అంచులు గాజులా మెరిశాయి. చూసినవారంతా మెచ్చుకున్నారు గానీ మా మెకానిక్ మాత్రం "ఏంది సార్ ఇది, చేపల తొట్టి మాదిరిగా!" అని నవ్వాడు. రోహిణి కార్తెలో ఒంగోలు దాకా వెళ్లివచ్చిన మర్నాడు, కింది బోల్టు రంధ్రం దగ్గర వెంట్రుక మందాన ఒక పగులు కనిపించింది. వారం తిరిగేసరికి అది అంచు దాకా పాకింది. ఇంజను వేడికి ఏమీ కాదని చెప్పి డబ్బు తీసుకున్న దుకాణదారు, బోల్టు మరీ గట్టిగా బిగించారంటూ నెపం మా మీదికి నెట్టాడు. అందులో సగం నిజముందని తర్వాత తెలిసింది.

యాక్రిలిక్ సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. పాలికార్బొనేట్ అనే మరో పారదర్శక ప్లాస్టిక్‌కు ఆ హద్దు 147 డిగ్రీల దాకా ఉంటుంది. కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) 90 డిగ్రీల దగ్గర తిరిగే ఇంజను పక్కన ఈ తేడా చిన్నది కాదు. అయితే నా కవరును పగలగొట్టింది మెత్తబడటం కాదు, వ్యాకోచం. ఈ ప్లాస్టిక్‌లు వేడికి అల్యూమినియం కంటే దాదాపు మూడు రెట్లు సాగుతాయి. 40 సెంటీమీటర్ల పొడవున్న కవరు 60 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది, దాని వెనకున్న అల్యూమినియం మాత్రం అర మిల్లీమీటరు పెరుగుతుంది. రంధ్రం బోల్టుకు సరిగ్గా సరిపోయేలా ఉంటే కవరు కదలడానికి చోటుండదు, ఆ ఒత్తిడంతా రంధ్రం అంచున పడుతుంది.

రెండోది చెన్నైలోని ఒక వర్క్‌షాపులో 4,800 రూపాయలకు చేయించిన పాలికార్బొనేట్ కవరు. పాలికార్బొనేట్ లేజర్‌కు మాడి పసుపెక్కుతుంది కనుక దీన్ని రౌటర్‌తో (గిర్రున తిరిగే బ్లేడుతో కోసే యంత్రం) కోశారు. అంచులకు మొదటిదానిలోని మెరుపు లేదు, కానీ పనితనం ఉంది. రంధ్రాలు బోల్టు కంటే 2 మిల్లీమీటర్లు పెద్దవి. ఒక్కోదానిలో స్టీలు బుష్షు (చిన్న గొట్టం ముక్క), దాని పైన రబ్బరు వాషరు ఉన్నాయి కనుక, ఎంత బిగించినా భారం ప్లాస్టిక్ మీద పడదు. మైపాడు తీరానికి తరచు వెళ్లే కారు కనుక బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాను. రెండు వేసవులు దాటినా ఒక్క పగులు లేదు.

అందం కోసం కొన్న వస్తువు అక్కరకు వచ్చింది మాత్రం ఆరో నెలలో. ఒక ఉదయం ఆయిల్ చూద్దామని బానెట్ ఎత్తితే, కవరు లోపలి వైపు, పై పుల్లీ చుట్టూ వంపుగా ఆవగింజంత నల్లటి చుక్కలు పడి ఉన్నాయి. క్యామ్‌షాఫ్ట్ చుట్టూ నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీల్ కారుతోంది, కారిన నూనెను తిరిగే పుల్లీ విసిరికొడుతోంది. బెల్టు రబ్బరును నూనె పాడుచేస్తుంది. పాత నల్ల కవరే ఉండి ఉంటే, నూనె కింది దాకా కారి నేల మీద మరక పడేవరకు నాకు తెలిసేది కాదు. ఇంతమాత్రాన బెల్టు తనిఖీ పూర్తయిందని అనుకోకూడదు. ఎదుటి నుంచి కనిపించేది బెల్టు అంచు మాత్రమే. పళ్ల మొదళ్లలో వచ్చే పగుళ్లు కనిపించవు కనుక కంపెనీ చెప్పిన కిలోమీటర్లు నిండగానే మార్చవలసిందే.

లోపాలూ ఉన్నాయి. హెడ్‌లైట్ల పాలికార్బొనేట్ మీద గీతలు పడకుండా గట్టి పూత ఉంటుంది, మనం కోయించుకునే మామూలు షీటు మీద అది ఉండదు. కనుక పొడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ సన్నని గీతలు మిగులుతాయి. బెల్టు రాపిడికి రాలే నల్లటి పొడి లోపల అంటుకుని రెండు మూడు నెలలకు పొగచూరిన చిమ్నీలా తయారవుతుంది, అప్పుడు విప్పి సబ్బునీటితో కడగవలసి వస్తుంది. ఒకసారి సర్వీసింగ్‌లో కుర్రవాడు అలవాటు ప్రకారం పెట్రోలు గుడ్డతో తుడిచాడు. తుడిచిన అరచేతి మేర తెల్లగా మసకబారి, ఇప్పటికీ అలాగే ఉంది. పెట్రోలు, థిన్నరు తగలనివ్వవద్దని ముందే చెప్పకపోవడం నా పొరపాటు.

అదే వర్క్‌షాపువారు ట్యాపెట్ కవరు (ఇంజను పైన క్యామ్‌షాఫ్ట్‌ను కప్పే మూత) కూడా ఇలాగే చేసిస్తామన్నారు. వద్దన్నాను. టైమింగ్ కవరు దుమ్మును ఆపితే చాలు, ట్యాపెట్ కవరు మాత్రం వేడెక్కిన ఆయిల్‌ను చుక్క కారకుండా ఆపాలి. పైగా క్యామ్ చిమ్మే ఆయిల్ పొరే అద్దాన్ని కప్పేస్తే, దాని వెనక చూడటానికి ఏముంటుంది?