పిక్సీస్: కాలేజీ రోజుల నుంచి వింటున్నవాడి రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, ఎందుకో తర్వాత చెప్తా. పిక్సీస్ అనే ఈ అమెరికన్ రాక్ బ్యాండ్ 1987 నుంచి 1991 దాకా ఇచ్చిన సరుకు మొత్తానికి ఐదుకి ఐదు, 2004లో మళ్ళీ కలిసి చేసిన షోలకి నాలుగు, బాస్ గిటార్ వాయించే కిమ్ డీల్ వెళ్ళిపోయాక వచ్చిన కొత్త ఆల్బమ్స్ కి రెండున్నర, వాటిల్లో ఒక్కదానికి మాత్రం మూడున్నర ఇస్తా. ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచి వింటున్నా, ఆ టైములో పిచ్చిగా విన్న బ్యాండ్లు కొన్నైతే ఇప్పుడు రెండు నిమిషాలు కూడా వినలేకపోతున్నా, వీళ్ళవి మాత్రం ఇప్పటికీ ఆఫీస్ కి వెళ్తూ మెట్రోలో పెట్టుకుంటా, ఇప్పటికీ ఇంతకుముందు పట్టించుకోని ముక్క ఏదో ఒకటి చెవిన పడుతుంది.

మనవాళ్ళలో చాలామందికి వీళ్ళు ఒక్క పాటతోనే తెలుసు. 1999లో వచ్చిన ఫైట్ క్లబ్ సినిమా చివర్లో కిటికీ బయట బిల్డింగులు కూలిపోతుంటే వస్తుంది చూడండి, "వేర్ ఈజ్ మై మైండ్", అదే. నాకూ అలాగే పరిచయం. ఆ సినిమా వచ్చేసరికి పాట రిలీజై పదకొండేళ్ళు, బ్యాండ్ విడిపోయి ఆరేళ్ళు అయిపోయింది, అంటే నాలాంటోళ్ళు ఫ్యాన్స్ అయ్యేనాటికి అసలు బ్యాండే లేదు. అందుకే ఈ బ్యాండ్ కథ మాకు వెనక నుంచి ముందుకి తెలిసింది.

మొదలైంది అమెరికాలో బాస్టన్ లో, 1986లో. చార్ల్స్ థాంప్సన్ (స్టేజి మీద పేరు బ్లాక్ ఫ్రాన్సిస్), జోయి శాంటియాగో ఇద్దరూ మసాచుసెట్స్ యూనివర్సిటీలో ఆమ్హర్స్ట్ లో కలిసారు, శాంటియాగో పుట్టింది ఫిలిప్పీన్స్ లోని మనీలాలో. థాంప్సన్ స్పానిష్ నేర్చుకుందామని ఎక్స్చేంజ్ స్టూడెంట్ గా ప్యూర్టోరికో వెళ్ళాడు, అక్కడ ఉండగా ఇంక చదువు వద్దనుకున్నాడు, న్యూజిలాండ్ వెళ్ళి హాలీ తోకచుక్క చూడటమా బ్యాండ్ పెట్టడమా అని ఆలోచించి బ్యాండ్ వైపే మొగ్గాడు. వాళ్ళ పాటల్లో ఉన్నట్టుండి స్పానిష్ లైన్లు పడేది ఆ ప్యూర్టోరికో పుణ్యమే. తర్వాత పేపర్లో ఒక యాడ్ ఇచ్చారు, హస్కర్ డూ అంటే ఇష్టం ఉండాలి, పీటర్ పాల్ అండ్ మేరీ అంటే కూడా ఇష్టం ఉండాలి, అలాంటి బాసిస్ట్ కావాలి అని. మొదటిది చెవులు చిల్లులు పడేలా వాయించే పంక్ బ్యాండ్, రెండోది ముగ్గురు చక్కగా గొంతులు కలిపి పాడుకునే ఫోక్ గ్రూప్, రెండూ ఇష్టపడేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి. ఒక్కరే వచ్చారు, ఒహాయోలోని డేటన్ నుంచి వచ్చి బాస్టన్ లో ఉంటున్న కిమ్ డీల్. వచ్చింది కానీ ఆమె దగ్గర బాస్ గిటారే లేదు. ఆమె భర్త రేడియో షాక్ లో పనిచేసినప్పుడు తెలిసినవాడు డేవిడ్ లవరింగ్, ఎలక్ట్రానిక్ ఇంజనీరింగ్ చదివినవాడు, అతన్ని తీసుకొచ్చి డ్రమ్స్ మీద కూర్చోబెట్టారు. బ్యాండ్ రెడీ.

నాకైతే ఆ యాడ్ లోనే వీళ్ళ సంగీతం మొత్తం ఉంది అనిపిస్తుంది. థాంప్సన్ అరుస్తాడు, మామూలు అరుపు కాదు, గొంతు చిరిగిపోయిందేమో అని మనకి భయమేస్తుంది. ఆ పక్కనే కిమ్ ఏ కష్టం లేకుండా, పొద్దున్నే లేచి వంటింట్లో కూనిరాగం తీసినంత తేలిగ్గా పాడుతుంది. ఆవకాయ అన్నంలో నెయ్యి పడ్డట్టు ఉంటుంది ఆ రెండు గొంతులూ కలిస్తే.

1987లో థాంప్సన్ వాళ్ళ నాన్న దగ్గర వెయ్యి డాలర్లు తీసుకుని ఫోర్ట్ అపాచీ అనే స్టూడియోలో మూడు రోజుల్లో 17 పాటలు రికార్డ్ చేసారు. ఆ టేపు లండన్ లో 4ఏడి అనే చిన్న రికార్డు కంపెనీకి చేరింది, వాళ్ళు అందులోంచి 8 పాటలు తీసి "కమాన్ పిల్‌గ్రిమ్" అని వేసారు. అలా అమెరికా బ్యాండ్ అయ్యుండి ముందు ఇంగ్లండ్ లో, యూరప్ లో పేరు తెచ్చుకుంది, సొంత దేశంలో మాత్రం ఎక్కువగా కాలేజీ రేడియోలకే పరిమితం.

1988లో "సర్ఫర్ రోజా". నా లెక్కలో ఇది రికార్డింగ్ పరంగా వీళ్ళ బెస్ట్. రికార్డ్ చేసింది స్టీవ్ ఆల్బినీ, 1500 డాలర్ల ఫీజు ఒక్కసారి తీసుకుని రాయల్టీ వద్దన్నాడు, బ్యాండ్ పాటల మీద వచ్చే డబ్బులో ఇంజనీర్ కి వాటా ఉండకూడదని ఆయన పద్ధతి, 2024 మేలో చనిపోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. ఈ ఆల్బమ్ మంచి హెడ్‌ఫోన్స్ లో విన్న మొదటిసారి నాకు డ్రమ్స్ కంటే డ్రమ్స్ ఉన్న రూమే ఎక్కువ వినిపించింది, స్నేర్ డ్రమ్ మీద దెబ్బ పడితే గోడకి తగిలి వెనక్కి వచ్చే శబ్దం కూడా తెలుస్తుంది. గొంతులకి నిజమైన ఎకో కావాలని కొన్ని చోట్ల స్టూడియో బాత్‌రూమ్ లో పాడించారు, "జైగాంటిక్" పాటలో కిమ్ గొంతు అలా దూరంగా మోగేది అందుకే. ఇప్పుడు కంప్యూటర్లో ఒక ప్లగిన్ సాఫ్ట్‌వేర్ తో అర సెకన్లో వచ్చే ఎఫెక్ట్ అది, కానీ పక్కపక్కన పెట్టి వినండి, తేడా తెలుస్తుంది.

తర్వాత 1989లో "డూలిటిల్". ఎవరైనా ఒక్కటే వింటాను అంటే నేను ఇచ్చేది ఇదే. 15 పాటలు, మొత్తం కలిపి నలభై నిమిషాలు కూడా ఉండదు. ప్రొడ్యూసర్ గిల్ నార్టన్ పాటలు ఇంకొంచెం పొడుగు చేద్దాం అంటే థాంప్సన్ ఆయన్ని రికార్డుల షాపుకి తీసుకెళ్ళి పాతకాలం రాక్ సింగర్ బడ్డీ హాలీ హిట్స్ ఆల్బమ్ చేతిలో పెట్టాడట, చూడు ఇందులో పాటలు రెండేసి నిమిషాలే అని. ఇది నాకు చాలా నచ్చే విషయం, ఎందుకంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ ఆల్బమ్ బోర్ కొట్టకపోవడానికి కారణం అదే, ఏ పాటా తను చెప్పాల్సింది చెప్పాక ఇంకో నిమిషం కూర్చోదు.

ఇంకో కారణం ఖాళీ. వీళ్ళ పాటల్లో చాలా ఖాళీ ఉంటుంది. "గౌజ్ అవే" వినండి, మొదట్లో బాస్, డ్రమ్స్ తప్ప దాదాపు ఏమీ ఉండదు, థాంప్సన్ గుసగుసలాడుతుంటాడు, గిటార్లు ఎక్కడో దాక్కుని ఉంటాయి, ఒక్కసారిగా అన్నీ మీద పడతాయి, మళ్ళీ ఏమీ జరగనట్టు వెనక్కి వెళ్ళిపోతాయి. శాంటియాగో కూడా అంతే, వేరే గిటారిస్ట్ అయితే ఇరవై నోట్లు దూర్చే చోట ఇతను ఒక్క నోటు పట్టుకుని దాన్ని లాగి వంచి వదిలేస్తాడు. కిమ్ బాస్ లైన్లు అయితే నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్ళు కూడా సాయంత్రానికి వాయించేయొచ్చు, కానీ అవి తీసేస్తే పాట నిలబడదు, నేను కాలేజీలో ఫ్రెండ్స్ తో కలిసి వాయించినప్పుడు ఈ విషయం బాగా తెలిసింది, గిటార్ తప్పు పోయినా పాట నడిచింది కానీ బాస్ ఆగితే అందరం ఆగిపోయేవాళ్ళం.

ఈ మెల్లగా-గట్టిగా పద్ధతిని ప్రపంచమంతా తీసుకెళ్ళింది నిర్వాణా అనే బ్యాండ్. వాళ్ళ సింగర్ కర్ట్ కోబేన్ 1994లో రోలింగ్ స్టోన్ ఇంటర్వ్యూలో దాచుకోకుండా చెప్పాడు, వాళ్ళ పెద్ద హిట్ రాసేటప్పుడు పిక్సీస్ ని కాపీ కొట్టే ప్రయత్నం చేసానని. 1993లో వాళ్ళ ఆఖరి స్టూడియో ఆల్బమ్ కి ఆల్బినీనే పెట్టుకున్నారు కూడా. కోట్ల రికార్డులు అమ్ముడుపోయింది వాళ్ళవి, మూలం ఇక్కడుంది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసుకి కొంచెం కష్టంగానే ఉంటుంది.

గొడవలు డూలిటిల్ టైముకే ముదిరిపోయాయి. పాటలన్నీ దాదాపు థాంప్సనే రాస్తాడు, కిమ్ కి తన పాటలు కూడా ఉండాలని ఉంటుంది, జనం చూస్తే ఆమె నవ్వితే చాలు కేకలు పెడతారు. 1989లో జర్మనీలో స్టుట్‌గార్ట్ షోలో థాంప్సన్ ఆమె మీదకి గిటార్ విసిరేదాకా వెళ్ళింది. ఆమె బ్రీడర్స్ అని వేరే బ్యాండ్ పెట్టి 1990లో "పాడ్" తెచ్చింది. అదే ఏడాది పిక్సీస్ "బోసనోవా", 1991లో "ట్రోంప్ ల మోండ్". బోసనోవా బాగుంటుంది కానీ ఎక్కువసార్లు వినబుద్ధి కాదు, రెండోది మాత్రం స్పీడు, గిటార్లు, గ్రహాలు, రాకెట్లు, మంచి జోరుగా ఉంటుంది, కాకపోతే కిమ్ గొంతు వెతుక్కోవాల్సిందే, మొత్తం థాంప్సన్ ఆల్బమే అది. 1992లో యూటూ అనే పెద్ద బ్యాండ్ వాళ్ళ జూ టీవీ టూర్ లో ఓపెనింగ్ చేసారు, పెద్ద పెద్ద ఇండోర్ అరీనాలు, కూర్చున్నవాళ్ళు వేరే బ్యాండ్ కోసం వచ్చినవాళ్ళు. ఆ ఏప్రిల్ లో వాంకూవర్ షోతో ఆగిపోయింది. 1993 జనవరిలో థాంప్సన్ బీబీసీ రేడియోలో బ్యాండ్ అయిపోయిందని చెప్పేసాడు, అప్పటికి మిగతావాళ్ళకే తెలియదు, తర్వాత శాంటియాగోకి ఫోన్ చేసి, కిమ్ కి లవరింగ్ కి ఫ్యాక్స్ పంపాడు. అన్నేళ్ళు ఒకే వ్యాన్లో తిరిగిన మనుషులకి ఫ్యాక్స్ పంపడం నాకు ఎప్పటికీ నచ్చదు, పాటలు ఎంత ఇష్టమైనా సరే.

అదే ఏడాది కిమ్ బ్రీడర్స్ తో "లాస్ట్ స్ప్లాష్" ఇచ్చి అమెరికాలో పది లక్షల కాపీల మార్కు దాటింది, పిక్సీస్ కి అప్పటిదాకా రాని హిట్ అది. థాంప్సన్ పేరు తిరగేసి ఫ్రాంక్ బ్లాక్ అయి సోలో ఆల్బమ్స్ చేసాడు, లవరింగ్ సైన్సు ప్రయోగాలతో మ్యాజిక్ షోలు వేసుకున్నాడు.

ఇంక రీయూనియన్. 2004 ఏప్రిల్ 13న మినియాపోలిస్ లో చిన్న క్లబ్ లో మొదలుపెట్టి, మే 1న కోచెల్లా మ్యూజిక్ ఫెస్టివల్ లో రేడియోహెడ్ బ్యాండ్ కి ముందు వాయించారు. విడిపోయేటప్పటికంటే జనం ఎన్నో రెట్లు ఎక్కువ, సగం మంది 1992లో స్కూల్ పిల్లలయి ఉంటారు. ఆ టూర్ లో షో అవ్వగానే ఆ రోజు రికార్డింగే సీడీ వేసి అక్కడికక్కడే అమ్మేవాళ్ళు, అలాంటిది ఒకటి అమెరికాలో ఉన్న ఫ్రెండ్ నాకు తెచ్చిచ్చాడు. వాయింపు మాత్రం గట్టిది, పాటకీ పాటకీ మధ్య కబుర్లు లేవు, ఒకటి అయిపోగానే ఇంకోటి, కిమ్ గొంతు వచ్చిన ప్రతిసారీ జనం గోల. డబ్బు కోసం కలిసారు అని చాలామంది అన్నారు, కలిస్తే తప్పేంటి అంటాను నేను, పాటలు వాళ్ళవి, 1991లో రావాల్సిన డబ్బు 2004లో వచ్చింది అంతే. ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానంటే, తొమ్మిదేళ్ళు అలా పాతవే వాయిస్తూ తిరిగారు, నలుగురూ కలిసి కొత్తగా రాసి ఇచ్చింది అంటే 2004లో "బామ్ థ్వాక్" అని డౌన్‌లోడ్ గా వచ్చిన ఒక్క పాట, అదీ కిమ్ పాడింది.

కొత్త ఆల్బమ్ కోసం వేల్స్ లో స్టూడియోకి వెళ్ళాక మధ్యలోనే కిమ్ తప్పుకుంది, 2013 జూన్ లో బయటికి చెప్పారు. 2014లో "ఇండీ సిండీ" వచ్చింది. నేను దీనికి చాలా ఛాన్సులు ఇచ్చాను, ప్రొడ్యూసర్ కూడా డూలిటిల్ చేసిన గిల్ నార్టనే, పాటలు చెడ్డవి కావు, కానీ ఆ ఖాళీ లేదు. ప్రతి మూలా గిటార్ నింపేసారు, అరుపు వచ్చేలోపే శబ్దం నిండిపోయి ఉంటుంది కాబట్టి అరుపు వచ్చినా ఉలిక్కిపడం. తర్వాత వచ్చిన పాజ్ లెంచాంటిన్ మంచి బాసిస్ట్, గొంతూ బాగుంటుంది, 2016 "హెడ్ క్యారియర్" లో ఆమె పాడిన ఒక పాట నేరుగా కిమ్ కి థ్యాంక్స్ చెప్తూ థాంప్సన్ రాసిన ఉత్తరం లాంటిది, ఆ ఫ్యాక్స్ తర్వాత ఇన్నేళ్ళకి ఆ పాట విన్నప్పుడు నిజంగా సంతోషమేసింది. మూడున్నర ఇచ్చింది 2019 "బినీత్ ది ఐరీ" కి, కాస్త చీకటిగా, దెయ్యాల కథల్లా ఉంటుంది, పాత పిక్సీస్ లా ఉండాలని ప్రయత్నించకుండా వయసైన మనుషులు చేసిన ఆల్బమ్ లా ఉంటుంది, అదే దానికి కలిసొచ్చింది. 2022 "డాగరెల్" ఒకసారి వినొచ్చు.

2024లో పాజ్ కూడా వెళ్ళిపోయి ఎమ్మా రిచర్డ్‌సన్ వచ్చింది, అక్టోబర్ లో "ది నైట్ ది జాంబీస్ కేమ్" రిలీజైంది. సరిగ్గా ఆ తర్వాతి నెల కిమ్ డీల్ తన పేరు మీద మొదటి సోలో ఆల్బమ్ "నోబడీ లవ్స్ యూ మోర్" తెచ్చింది, అందులో కొన్ని పాటలు ఆల్బినీ రికార్డ్ చేసినవి. రెండూ ఒకేసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నా. జాంబీస్ నుంచి రెండు పాటలు ప్లేలిస్ట్ లో మిగిలాయి, కిమ్ ది ఆల్బమ్ ఆల్బమ్ గానే ఇంకా వింటున్నా, అందులో ఖాళీ ఉంది.

కొత్తగా వినేవాళ్ళు డూలిటిల్ తో మొదలుపెట్టి, అది నచ్చితే సర్ఫర్ రోజా, తర్వాత కమాన్ పిల్‌గ్రిమ్, ఆ తర్వాత ట్రోంప్ ల మోండ్ ఇలా వెళ్ళండి, ఇండీ సిండీతో మాత్రం మొదలుపెట్టకండి. ఇంకో మాట, ఫోన్ స్పీకర్లో పెట్టి బాలేదు అనకండి, దాంట్లో బాస్ వినపడదు, కనీసం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని "గౌజ్ అవే" మొదటి అర నిమిషం విని అప్పుడు చెప్పండి.