డీ అండ్ డీ కాన్సంట్రేషన్ రూల్: ఆరేళ్లు ఆడాక, మా బావ పదకొండు రోజులు మాట్లాడకపోయాక

ముందే చెప్తున్నా, ఇది పుస్తకం మొత్తానికి సమీక్ష కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర పట్టుకుని పాచికలతో ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్, అంటే 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, ఎలా ఉంటుందో ఇది చదివేవాళ్లకు తెలిసే ఉంటుంది. నేను చెప్పేది అందులో ఒకే ఒక్క రూల్ సంగతి, కాన్సంట్రేషన్. మంత్రాల అధ్యాయంలో అర పేజీ కూడా ఉండదది. ఆ అర పేజీ మూలంగా మా బావ, అదే మా అక్క మొగుడు, నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. మధ్యలో పండగొస్తే ఇంటికి భోజనానికొచ్చాడు, నేను కూర గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంటే "ఇంకొంచెం వెయ్యమను" అని మా అక్కతో చెప్పాడు.

మేం కావలిలో ఆడతాం. 2019 నుంచి, నెలకు రెండు ఆదివారాలు, మా మేడ మీద గదిలో. మనుషులం నలుగురమే. డీఎం, అంటే కథ నడిపిస్తూ శత్రువులను ఆడించేవాడు, బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు నుంచి రైల్లో వస్తాడు. బావ విజార్డ్ (మంత్రగాడు), మా చిన్నాన్న కూతురు ఫైటర్ (కత్తి పట్టే యోధురాలు), నేను క్లెరిక్ (మంత్రాలు వేసే పూజారి). అంటే ముగ్గురు ఆటగాళ్లలో ఇద్దరం మంత్రాలు వేసేవాళ్లమే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద నేను చెప్పే మంచీ చెడ్డా అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

రూల్ తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో: కొన్ని మంత్రాలు వేసి వదిలేస్తే సరిపోదు, మనసులో పట్టుకునే ఉండాలి. ఒక మనిషి ఒకసారికి ఒక్కటే పట్టుకోగలడు. అలాంటిదే ఇంకోటి వేస్తే మొదటిది దానంతటదే పోతుంది. మధ్యలో దెబ్బ తగిలితే డి20, అంటే ఇరవై ముఖాల పాచిక, వేసి ఒంటి గట్టిదనం, అంటే కాన్‌స్టిట్యూషన్, కలుపుకుని పది గానీ, తగిలిన దెబ్బలో సగం గానీ, ఏది ఎక్కువైతే అది తెచ్చుకోవాలి. రాలేదా, మంత్రం పోయినట్టే.

మొదటిసారి చదివినప్పుడే నాకు తెగ నచ్చేసింది. చిన్నప్పుడు మా తాతయ్య నెల్లూరు పురమందిరంలో అష్టావధానానికి తీసుకెళ్లాడు. పద్యం నాకేం అర్థమయ్యేది కాదు, నేను చూసిందల్లా అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన్నే. అవధాని ఎక్కడో సమస్య పూరణలో ఉంటే ఈయన మధ్యలో దూరి "మీ ఇంట్లో ఈ రోజు కూరేంటి?" అంటాడు. పట్టు తప్పించడమే ఆయన పని. ఈ ఆటలో బాణాలన్నీ అప్రస్తుత ప్రసంగాలే. కాకపోతే అవధాని ఎనిమిది పట్టుకుంటాడు, మా విజార్డ్ ఒక్కటే, అదీ వణుకుతూ.

అంతకుముందు ఎడిషన్ల సంగతి తెలిస్తే ఇంకా నచ్చుతుంది. మా డీఎం దగ్గర 2003 నాటి 3.5 పుస్తకం ఉంటే రెండు నెలలు అదీ ఆడి చూశాం. తలుపు తీసేముందు ఎనిమిది మంత్రాలు వేసుకోవడం, ఏ బోనస్ ఎన్‌హాన్స్‌మెంటు, ఏది మొరేల్, ఏది లక్, ఏది డిఫ్లెక్షన్ అని కాగితం మీద రాసుకోవడం, ఒకే పేరున్నవి కలవవు గనక కొట్టెయ్యడం. ఎద్దు బలం ఇచ్చే మంత్రం ఒకటుంది అందులో, నాలుగు పెరుగుతుంది. మా చెల్లెలికి అప్పటికే బలం నాలుగు పెంచే బెల్టు ఉంది. రెండూ ఎన్‌హాన్స్‌మెంటే కాబట్టి రెండూ కలిపినా నాలుగే. "ఒంగోలు గిత్త బలం వస్తదని చెప్పి చివరికి బెల్టు బలమేనా అన్నా" అంది. ఫైట్ పావుగంట, దానికి ముందు కూడికలు ముప్పావుగంట. మళ్లీ ఐదో ఎడిషన్‌కి వచ్చి పడ్డాం.

ఇందులో కూడా ఒకే మంత్రం ఇద్దరు వేస్తే రెండూ కలవవు, బలమైనదే లెక్కలోకి వస్తుంది. కానీ వేర్వేరు మంత్రాలు వేర్వేరు మనుషులు పట్టుకుంటే అన్నీ కలుస్తాయి. అసలు అందం అక్కడుంది. బ్లెస్ అని మొదటి లెవెల్ మంత్రం, ముగ్గురికి వెయ్యొచ్చు, దాడుల మీదా సేవింగ్ త్రోల (గండం తప్పించుకోవడానికి వేసే పాచికల) మీదా ఒక డి4, అంటే నాలుగు ముఖాల పాచిక, కలుస్తుంది. కాన్సంట్రేషన్ కోసం వేసేది కూడా సేవింగ్ త్రోనే కదా. అంటే నేను బ్లెస్ పట్టుకుని ఉంటే బావ పట్టుకున్న మంత్రానికి నాది ఊతకర్ర. నాది పడిపోతే ఆయనది ఊగుతుంది. ఇది ఎవరూ చెప్పకుండా మేమే కనిపెట్టిన రోజు ముగ్గురం గదిలో గంతులేశాం, కింద నుంచి మా అమ్మ "సీలింగు కూలుద్ది" అని అరిచింది.

ఇక అసలు సంగతికొస్తా.

మా డీఎం ఉదయగిరి కోట చూసొచ్చి, దాన్నే మ్యాపుగా గీసి, పైన కొండ మీద ఒక పాతాళ రాక్షసుణ్ణి కూర్చోబెట్టాడు. మేం అప్పటికి ఏడో లెవెల్. మామూలుగా కొడితే చచ్చే రకం కాదు వాడు. బావ దగ్గర బానిష్‌మెంట్ ఉంది, నాలుగో లెవెల్ మంత్రం. ఈ లోకానికి చెందని వాణ్ణి వాడి లోకానికే పంపేస్తుంది. చిక్కేమిటంటే నిమిషం పాటు పట్టుకోవాలి. నిమిషం పూర్తయితే వాడిక తిరిగిరాడు. మధ్యలో తప్పిందా, ఎక్కణ్ణుంచి మాయమయ్యాడో అక్కడే ప్రత్యక్షం. నిమిషమంటే ఆటలో పది రౌండ్లు. మా గదిలో అది గంటన్నర.

రాక్షసుడు సేవ్ (అదే సేవింగ్ త్రో) తప్పాడు, మాయమయ్యాడు. వెంటనే నేను బ్లెస్ వేశా, ముగ్గురికీ. అప్పుడు మొదలైంది. కుక్కమూతి నోల్‌లు గుంపుగా మెట్లెక్కి వచ్చాయి, అన్నింటి కన్నూ బావ మీదే. మూడో రౌండులో ఒక దెబ్బ, నిలబెట్టుకున్నాడు. ఐదులో ఇంకోటి, డి4 పుణ్యాన గట్టెక్కాడు. ఆరో రౌండుకి కరెంటు పోయింది. ఫోన్ లైటు ఒకటి నీళ్ల చెంబుకు ఆనించి ఆడాం, ఫ్యాను లేదు, మే నెల, ఒక్కరూ లేవలేదు. ఆరేళ్లలో ఇంత టెన్షన్ పడి ఆడిన రోజు ఇంకోటి లేదు. మా చెల్లెలైతే తన ఫైటర్ని బావ ముందు గోడలాగా నిలబెట్టి "నన్ను కొట్టండి, ఆయన్ని ముట్టుకోవద్దు" అని నోల్‌లకు దణ్ణాలు పెట్టింది.

ఎనిమిదో రౌండు. బావ చుట్టూ ఐదు నోల్‌లు చేరాయి, అందులో మూడు అప్పటికే సగం చచ్చినవి. నా దగ్గర స్పిరిట్ గార్డియన్స్ ఉంది, నా చుట్టూ పదిహేను అడుగుల దాకా ఆత్మలు తిరుగుతూ అందిన వాణ్ణల్లా కోసేస్తాయి, మూడు డి8. నాకు చప్పట్లు కనబడ్డాయి. వేసేశా. వాటి టర్న్ రాగానే మూడూ కూలాయి. చప్పట్లు కొట్టారు కూడా. డీఎం ఏమీ అనలేదు, నోటు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఆ రాసుకోవడం నేను చూశాను, నన్ను మెచ్చుకుంటూ ఏదో రాస్తున్నాడేమో అనుకున్నా.

తొమ్మిదో రౌండు. ఎక్కడో బురుజు మీదున్న ఒక నోల్ బాణం వేసింది. ఎనిమిది దెబ్బ. సగం నాలుగు, కాబట్టి పది కావాలి. బావ డి20 వేస్తే అది దొర్లి దొర్లి చెంబుకు తగిలి ఆగింది. ఏడు. ఆయన కాన్‌స్టిట్యూషన్ రెండు. తొమ్మిది. "బ్లెస్ ఉంది కదా బావా, డి4 వెయ్యి" అన్నా నేనే. వేశాడు, మూడు. పన్నెండు! మా చెల్లెలు కేక పెట్టింది. ఇంకొక్క రౌండు.

అప్పుడు డీఎం తలెత్తి, చాలా మెల్లగా, "బ్లెస్ ఎక్కడుందబ్బా?" అన్నాడు.

స్పిరిట్ గార్డియన్స్ కూడా కాన్సంట్రేషనే. అది వేసిన క్షణంలోనే నా బ్లెస్ పోయింది. డి4 మీద ఒకటి పడ్డా చాలు, ఒక్కటి, పది అయిపోయేది. పాచిక మీద ఏదో ఒక అంకె పడకుండా ఉండదు కదా, అంటే బ్లెస్ ఉంటే ఆ సేవ్ తప్పే అవకాశమే లేదు. నేను ముచ్చటపడి మూడు నోల్‌లను చంపినందుకు రాక్షసుడు వెనక్కి వచ్చాడు, సరిగ్గా బావ పక్కనే, ఎందుకంటే పోయింది అక్కణ్ణుంచే. ఆ రాత్రి ఆయనా చచ్చాడు, నేనూ చచ్చా, చెల్లెలు గుర్రమెక్కి పారిపోయింది. చచ్చినవాళ్లను లేపే మంత్రం ఉన్నది క్లెరిక్ దగ్గర, ఆ క్లెరిక్కే పోయాడాయె. 2019లో మొదటి ఆదివారం పుట్టించిన విజార్డ్ అది, గొడుగు పట్టుకుని తిరిగే ముసలి శాస్త్రి, బావ ఆయనకు తాత ముత్తాతల పేర్లతో సహా వంశవృక్షం రాసుకున్నాడు.

"నువ్వప్పుడే చెప్పొచ్చు కదరా" అన్నా డీఎంతో. "నీ మంత్రం, నీ లెక్క" అన్నాడు. ఆ మాట తప్పేం కాదు. కానీ నా ఫిర్యాదు అక్కడే ఉంది. ఈ రూల్ పోయేటప్పుడు చప్పుడు చెయ్యదు. దెబ్బ తగిలితే పాచిక వేస్తాం, అందరం చూస్తాం. మనమే ఇంకోటి వేసి పోగొట్టుకుంటే పాచికా లేదు, ప్రశ్నా లేదు, ఎవరూ గమనించకపోతే గమనించనట్టే. పైగా ఏది కాన్సంట్రేషనో పేరు చూసి కనిపెట్టలేం, మంత్రం వివరణలో వ్యవధి దగ్గర రాసి ఉంటుంది, అంతే. గైడెన్స్ అని చిన్న మంత్రం, తాళం తీసేవాడికి సాయంగా ఒక డి4, రోజుకు వందసార్లు వేసుకోవచ్చు. అదీ కాన్సంట్రేషనే! మాట సాయం చేయబోయి బ్లెస్ పోగొట్టుకున్న క్లెరిక్కులు ఎంతమంది ఉన్నారో.

పైన రూల్ అందం అని రాశాను కదా, అది వెనక్కి తీసుకోను గానీ, ఆ గొడవ తర్వాత కూర్చుని నా మంత్రాల జాబితా ముందు వేసుకుని చూశా. బ్లెస్, షీల్డ్ ఆఫ్ ఫెయిత్, హోల్డ్ పర్సన్, సైలెన్స్, స్పిరిట్ గార్డియన్స్, చివరికి డిటెక్ట్ మ్యాజిక్ కూడా. మంచివన్నీ ఒకే కుర్చీ కోసం కొట్టుకునేవే. జాబితా పొడుగే గానీ వాడేది రెండే. ఏడో లెవెల్ దాకా ఇది నాకు తట్టనే లేదు, ఎందుకంటే అప్పటిదాకా ఎప్పుడు చూసినా బ్లెస్సే వేసేవాణ్ణి.

మందు మా అమ్మ వంటింట్లో దొరికింది. చేపల పులుసుకు చింతపండు పిసికి గింజలు పక్కన పెట్టింది. నాలుగు కడిగి పైకి తెచ్చా. కాన్సంట్రేషన్ మంత్రం వేస్తే ఎడమ చేతి పిడికిట్లో ఒక చింతగింజ. మంత్రం ఉన్నంతసేపూ పిడికిలి తెరవకూడదు. ఇంకోటి వెయ్యాలంటే ముందు పిడికిలి తెరిచి గింజ కింద పెట్టాలి, అందరికీ కనబడేలా. ఒంటి చేత్తో కాగితాలు తిప్పుకోవడం, టీ తాగడం కొంచెం కష్టమే. కానీ అది పెట్టాక ఇంతవరకు ఒక్కసారి కూడా పొరపాటు జరగలేదు. అట్టముక్కలు, రంగు రబ్బరు బ్యాండ్లు కూడా ప్రయత్నించాం, బల్ల మీద పెట్టినవి కళ్లకు అలవాటైపోతాయి, చేతిలో ఉన్నది అలవాటు కాదు.

మిగతా మంత్రాల గొడవలు నన్నంత బాధపెట్టలేదు. కౌంటర్‌స్పెల్ అంటే చిన్నప్పుడు చూసిన పౌరాణికాల్లో ఆగ్నేయాస్త్రం మీదకు వారుణాస్త్రం వెయ్యడమే, మా ఇళ్లలో ఎవరికీ వివరించక్కర్లేదు. ఒక చిన్న సంతోషం మాత్రం చెప్పాలి: దానికి చెయ్యి ఊపితే చాలు, నోరు కదపక్కర్లేదు, కాబట్టి సైలెన్స్ (చప్పుడే లేకుండా చేసే మంత్రం) లోపల నిలబడి కూడా వెయ్యొచ్చు. మేం రెండేళ్ల పాటు కుదరదనుకున్నాం. 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో కౌంటర్‌స్పెల్‌ని మార్చారు, ఇప్పుడు ఎవడి మంత్రాన్ని ఆపబోతున్నామో వాడే కాన్‌స్టిట్యూషన్ సేవ్ వెయ్యాలి, తప్పినా వాడి స్లాట్ (మంత్రాల కోటాలో ఒకటి) ఖర్చు కాదు. బావకు నచ్చలేదు, నాకు పర్వాలేదనిపించింది. మేం ఇంకా పాత పుస్తకంతోనే ఆడుతున్నాం, కొత్తది డీఎం ఒక్కడే కొన్నాడు. కాన్సంట్రేషన్ మాత్రం రెండింటిలోనూ దాదాపు అంతే.

మీకు పనికొస్తుందా అంటే, మీ బల్ల దగ్గర మంత్రగాళ్లు ఇద్దరు ముగ్గురుండి, డీఎం నోరు లేని రకం కాకుండా "అది కాన్సంట్రేషన్, సరేనా?" అని ఒక్క మాట అడిగేవాడైతే, ఇంతకంటే మంచి రూల్ ఈ ఆటలో నాకు కనబడలేదు. ఒక్కరే మంత్రాలు వేసేచోట ఊతకర్ర సంగతి ఉండదు, ఉత్త కట్టుబాటుగా తోస్తుందేమో. పదేళ్ల పిల్లలతో ఆడేవాళ్లయితే నేను ఆ దెబ్బకు సేవ్ వేసే భాగం తీసేసేవాణ్ణి. ఇంట్లో బావతో ఆడేవాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఆయన కొత్త విజార్డ్ ఎనిమిదో లెవెల్‌కి రాగానే వార్ కాస్టర్ అనే ఫీట్ (అదనపు నైపుణ్యం) తీసుకున్నాడు, కాన్సంట్రేషన్ సేవ్‌కి రెండు డి20లు వేసి పెద్దది ఉంచుకోవచ్చు. బ్లెస్ అక్కర్లేదట. పోయిన ఆదివారం ఆ రెండు పాచికల మీదా నాలుగూ, ఆరూ పడ్డాయి. నా పిడికిట్లో గింజ ఉంది, డి4 ఆయన ముందుకు తోశాను. ఒక్క నిమిషం దాన్ని చూసి, తీసుకున్నాడు.